పార్కులో పాటకి మొదలూ చివరా ఉండవు

1975లో ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కి ‘కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్’ అనే ప్రదర్శన వచ్చింది. అప్పటికే న్యూయార్క్‌లో, కాలిఫోర్నియాలో ఏళ్ల తరబడి నడిచిన ప్రదర్శనే. కానీ ఫ్లోరిడాకి వచ్చేసరికి అందులో పాట మారిపోయింది. పాత పాట బాగోలేదని ఎవరూ అనలేదు. రేపు ఎంతో గొప్పగా, అందంగా ఉండబోతోందని ఆ పాట చెబుతుంది. ప్రదర్శనకి డబ్బు పెడుతున్న జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి అక్కడే చిక్కొచ్చిపడింది. ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ అమ్ముకునే కంపెనీ అది. రేపు ఇంకా మంచివి వస్తాయని ఊరిస్తూ ఉంటే ఇవాళ కొనేదెవరు? అందుకని ‘బతకడానికి ఇదే అన్నింటికన్నా మంచి కాలం’ అనే అర్థం వచ్చేలా కొత్త పాట పెట్టించారు. 1985లో కంపెనీ ఒప్పందం ముగిసింది. 1994లో ‘రేపు’ మళ్లీ వెనక్కొచ్చింది.

పాత పాటా కొత్త పాటా రెండూ రాసింది ఒకే జంట. రాబర్ట్ షెర్మన్, రిచర్డ్ షెర్మన్. అన్నదమ్ములు. ‘మేరీ పాపిన్స్’ పాటలు వాళ్లవే, ‘ది జంగిల్ బుక్’ పాటల్లో ఒక్కటి తప్ప అన్నీ వాళ్లవే. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లి, మనవల్తో కలిసి డిస్నీ పార్కులో పడవెక్కి, దిగాక వారం రోజుల దాకా ఒకే పాట తలలోంచి పోక సతమతమైన మన పెద్దవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ పాటా వీళ్లదే.

షెర్మన్ సోదరుల ప్రస్తావన వస్తే విమర్శకులు పిల్లల పాటలు, తియ్యటి పాటలు, తేలికైన పాటలు అని మూడు ముక్కల్లో తేల్చేస్తుంటారు. తియ్యదనం సంగతి తర్వాత చూద్దాం. తేలిక అన్న మాటతోనే నాకు పేచీ. సినిమాకి పాట రాయడం ఒక పని, పార్కుకి పాట రాయడం పూర్తిగా వేరే పని. రెండో పనిలో పాట తేలిగ్గా వినబడాలంటే వెనకాల బోలెడంత లెక్క ఉంటుంది.

తండ్రి విసిరిన సవాలు

వాళ్ల తండ్రి అల్ షెర్మన్ కీవ్‌లో పుట్టి, అమెరికా చేరి, న్యూయార్క్‌లో పాటలు రాసి బతికిన మనిషి. రికార్డులు ఇంటింటికీ రాకముందు పాట అంటే అచ్చేసిన కాగితం. పియానో ఉన్న ఇళ్లవాళ్లు అది కొనుక్కెళ్లి ఇంట్లో వాయించుకునేవాళ్లు. ఒక్కసారి వినగానే నోటికి రాకపోతే ఆ కాగితం అమ్ముడుపోదు. అలాంటి బజారులో ఆరితేరినవాడు అల్.

కొడుకులిద్దరూ చదువు ముగించుకుని ఒకే ఇంట్లో ఉండేవారు. రాబర్ట్‌కి గొప్ప నవల రాయాలని, రిచర్డ్‌కి గొప్ప సింఫనీ రాయాలని. చేతిలో మాత్రం డబ్బుల్లేవు. ఒకరోజు తండ్రి వచ్చి, బడి పిల్లాడు మధ్యాహ్నం తిండికని ఇచ్చిన డబ్బులు పెట్టి కొనుక్కునేలాంటి పాట మీ ఇద్దరూ కలిసి ఒక్కటి రాయగలరా అని రెచ్చగొట్టాడట. అలా మొదలైంది. 1951లో వాళ్ల పాటని కౌబాయ్ గాయకుడు జీన్ ఆట్రీ పాడాడు. పేరొచ్చింది మాత్రం 1959లో, టీవీలో పిల్లల కార్యక్రమంతో పేరు తెచ్చుకున్న యానెట్ ఫ్యునిచెల్లో అనే అమ్మాయి పాడిన ‘టాల్ పాల్’తో. ఆమె డిస్నీ కంపెనీ తార. ఆ దారిలోనే అన్నదమ్ములు వాల్ట్ డిస్నీ కంట్లో పడ్డారు. 1960లో నెల జీతం మీద స్టూడియోలో చేరారు.

మన సినిమాల్లో బాణీ ఒకరిది, మాట ఇంకొకరిది. టైటిల్స్‌లో సంగీతం, సాహిత్యం అని విడివిడిగా పడతాయి. షెర్మన్ల దగ్గర ఆ గీత లేదు. రిచర్డ్ పియానో ముందు కూర్చునేవాడు, రాబర్ట్ మాటల మీద ఎక్కువ పని చేసేవాడు. కానీ బాణీలో అన్న వేలు పెట్టేవాడు, మాటలో తమ్ముడు తల దూర్చేవాడు. ఇద్దరూ ఒప్పుకునేదాకా వాదన నడిచేది. పాట కింద మాత్రం ఎప్పుడూ ఇద్దరి పేర్లూ కలిపే.

ఇద్దరి స్వభావాలకీ పొంతన లేదు. రిచర్డ్ నలుగురిలో కలిసిపోయే హుషారైన మనిషి. రాబర్ట్ రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడు. 1945లో డాకావ్ నిర్బంధ శిబిరంలోకి మొదట అడుగుపెట్టిన అమెరికన్ సైనికుల్లో ఒకడు. మోకాలికి తూటా తగిలి, తర్వాత జీవితమంతా చేతికర్రతో నడిచాడు. మితభాషి, కవిత్వం రాసుకునేవాడు, బొమ్మలు వేసుకునేవాడు. ఈ పాటల్లో సంతోషం అడుగున అక్కడక్కడా బరువు తగులుతుందంటే అది అన్న నుంచి వచ్చిందని నేననుకుంటాను. రుజువు చేయమంటే చేయలేను.

సినిమాలో పాట చేసే పని

‘మేరీ పాపిన్స్’ పుస్తకం చేతికి ఇచ్చి ఏమైనా చేయొచ్చేమో చూడమన్నాడు వాల్ట్. పి.ఎల్. ట్రావర్స్ రాసిన ఆ పుస్తకంలో సినిమాకి కావాల్సిన కథ లేదు. ఒక వింత ఆయా, ఆమెతో పిల్లలు చూసిన అద్భుతాలు, విడివిడి అధ్యాయాలుగా ఉంటాయి. అన్నదమ్ములు అందులోంచి కొన్ని అధ్యాయాలు ఏరుకుని వాల్ట్ దగ్గరికి వెళ్లారు. ఆయన తన కాపీ తెరిచి చూపిస్తే సరిగ్గా అవే అధ్యాయాలకి గుర్తులు పెట్టి ఉన్నాయని రిచర్డ్ తర్వాత చాలాచోట్ల చెప్పుకున్నాడు.

వాళ్లు చేసిన అసలు పని కాలం మార్చడం. పుస్తకం 1930ల లండన్‌లో జరుగుతుంది. ఆర్థిక మాంద్యం రోజులు, మబ్బు పట్టిన ఊరు. వీళ్లు దాన్ని 1910కి జరిపారు. ఆ కాలపు లండన్‌లో మ్యూజిక్ హాళ్లు ఉండేవి. సాయంత్రం పూట జనం చేరి, చతురోక్తుల పాటలు విని, పల్లవి వచ్చినప్పుడు తామూ గొంతు కలిపే చోట్లు. ఆ తేదీ మార్పుతో సినిమా మొత్తానికీ ఒక సంగీత భాష చేతికొచ్చింది. 34 అక్షరాల ఆ పొడుగాటి అర్థంలేని మాట, ‘సూపర్‌కాలిఫ్రాజిలిస్టిక్’ అంటూ మొదలయ్యేది, అలాంటి హాల్లోనే అతుకుతుంది. చిన్నప్పుడు వేసవి శిబిరంలో పిల్లలు ఇలాంటి మాటలు కల్పించి ఆడుకునేవారని అన్నదమ్ములు చెప్పారు. దాదాపు ఇలాగే వినబడే పాట ముందే రాశామని వేరేవాళ్లు కోర్టుకెక్కారు గానీ కేసు నిలవలేదు.

ఒక పాటని దగ్గరగా చూద్దాం. మేరీ పాత్ర వేసిన జూలీ ఆండ్రూస్ కోసం వాళ్లు మొదట రాసిన మెల్లని ప్రేమపాట లాంటిది ఆమెకి నచ్చలేదు. ఇంకోటి కావాలన్నారు. ఆ టెన్షన్‌లో రాబర్ట్ ఇంటికొస్తే కొడుకు బడిలో పోలియో మందు వేశారన్నాడు. సూది గుచ్చారా, నొప్పెట్టిందా అని అడిగితే, లేదు, పంచదార బిళ్ల మీద చుక్క వేసి ఇచ్చారన్నాడు పిల్లాడు. మనకి పల్స్ పోలియో రోజుల్లో నేరుగా నోట్లో వేసిన రెండు చుక్కల మందే అది. మర్నాడు రాబర్ట్ తమ్ముడికి పల్లవి చెప్పాడు: చెంచాడు పంచదార ఉంటే మందు గొంతు దిగుతుందని. ఇక్కడ రిచర్డ్ ఒక కొంటె పని చేశాడు. ‘కిందికి’ అనే మాట రెండోసారి వచ్చేచోట స్వరం గబుక్కున పైకి లేస్తుంది. మందు దిగుతుంటే రాగం ఎగురుతుంది. పిల్లలకి ఆ కారణం తెలీదు, నవ్వు మాత్రం తెలుస్తుంది. ఆ ఆయా పాత్ర అంతా ఆ ఒక్క ఎగురులో ఉంది: కటువుగా కనబడుతూ, మాట ఒకటి చెబుతూ, చేసేది ఇంకొకటి.

పొగగొట్టాలు శుభ్రం చేసే పనివాడి పాట ‘చిమ్ చిమ్ చెరీ’ దీనికి పూర్తిగా వ్యతిరేకం. కథా రచయిత డాన్ డగ్రాడీ వేసిన పొగగొట్టాల మనిషి బొమ్మ చూసి రాశారు. పైన మాట సరదాగా, అదృష్టం గురించి ఉంటుంది. కింద తోడుగా మోగే స్వరాల గుత్తులు, అంటే కార్డ్స్ మాత్రం దిగులు పలికే మైనర్‌లో, అరమెట్టు అరమెట్టుగా కిందికి జారుతూ పోతాయి. ఈ దిగులు కనిపెట్టినవాడు శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్. 1965లో ఆ పాట పట్టుకుని తన జాజ్ బృందంతో ఒక పెద్ద వాద్యరచనలా వాయించాడు. పిల్లల పాట అని పక్కన పెట్టేవాళ్లకి ఆ రికార్డు వినిపించాలి.

1965 ఏప్రిల్‌లో ఆ సినిమాకి వీళ్లు రెండు ఆస్కార్లు అందుకున్నారు, ఒకటి సంగీతానికి, ఇంకోటి ‘చిమ్ చిమ్ చెరీ’కి. వాల్ట్‌కి ఇష్టమైంది వేరే పాట. చర్చి మెట్ల మీద కూర్చుని పావురాల కోసం రొట్టె తునకలమ్మే ముసలమ్మ పాట, ‘ఫీడ్ ది బర్డ్స్’. శుక్రవారం సాయంత్రాలు పని అయ్యాక అన్నదమ్ముల్ని గదికి పిలిచి, ఆ పాట వాయించమనేవాడట. ఏ పాట అని చెప్పక్కర్లేదు, వాళ్లకి తెలుసు.

ఈ మూడు పాటలకీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే. పాట మొదలయ్యేటప్పటికి పాత్ర ఒకచోట ఉంటుంది, ముగిసేసరికి ఇంకోచోటికి చేరుతుంది. కదలకుండా కూర్చున్న ప్రేక్షకుడికి మొదటినుంచి చివరిదాకా వరసలో వినబడుతుంది. పార్కుకి వెళ్లేసరికి ఈ సౌకర్యం పోతుంది.

చిలకల గదికి సంజాయిషీ

డిస్నీలాండ్‌లో ‘టికీ రూమ్’ 1963లో తెరిచారు. యంత్రంతో కదిలే పక్షులు, పూలు, గోడల మీద చెక్క విగ్రహాలు, అన్నీ పాడతాయి. ఆ తరహా యంత్రబొమ్మలు పార్కులో అంత పెద్ద ఎత్తున కనబడటం అదే మొదలు. తయారవుతున్నప్పుడు అన్నదమ్ముల్ని పిలిచి చూపించారు. చూసి, చాలా బాగుంది గానీ ఇదేమిటి అని అడిగారట వాళ్లు. చేసినవాళ్ల దగ్గరా జవాబు లేదు. అయితే ఇదేమిటో చెప్పే పాటే పెడదాం, చిలక చేత చెప్పిద్దాం అన్నారు. కరీబియన్ కలిప్సో నడకలో పాట వచ్చింది: ఇది ఫలానా గది, ఇక్కడ పక్షులు పాడతాయి, పూలు కూనిరాగం తీస్తాయి అని. హరికథలో దాసుగారు ముందుగా సభకి కథ పరిచయం చేసినట్టు, వింత చూసి బిత్తరపోయిన జనానికి ఇది చూడటం ఎలాగో పాటే నేర్పుతుంది. పార్కు పాట చేసే మొదటి పని ఇది.

రెండో పని ‘కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్’లో తెలుస్తుంది. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం కట్టారు. అందులో తిరిగేది రంగస్థలం కాదు, ప్రేక్షకులు. మధ్యలో వేదికలు స్థిరంగా ఉంటాయి, ఒక్కోదాంట్లో ఒక్కో కాలపు వంటిల్లు, ఒకే కుటుంబం. చుట్టూ కుర్చీల వలయం తిరుగుతూ ఒక కాలం నుంచి ఇంకో కాలానికి చేరుస్తుంది. వలయం తిరిగేటప్పుడు ముందు ఏమీ కనబడదు. ఆ ఖాళీని పాట నింపుతుంది. ప్రతి మలుపులోనూ అదే పల్లవి, వాద్యాల తీరు మాత్రం ఆ కాలానికి తగ్గట్టు మారుతుంది. సినిమాలో ఎడిటర్ ఒక్క కత్తెరతో చేసే పని ఇక్కడ పాట చేయాలి. ఎన్ని మలుపులొచ్చినా విసుగు పుట్టకూడదు, మలుపు అయ్యేసరికి పాట కూడా ఒక ముగింపుకి రావాలి. అలాంటి పాటలో ఒకే ఒక్క మాట, ‘రేపు’, కంపెనీకి పడకపోవడంతో మొత్తం పాటే మార్చాల్సొచ్చింది.

పడవల లెక్క

అదే 1964 ప్రదర్శనలో యునిసెఫ్ కోసం, పెప్సీ డబ్బుతో ఇంకో కట్టడం లేచింది. మేరీ బ్లెయిర్ గీసిన రంగుల లోకంలో దేశదేశాల పిల్లల బొమ్మలు, మధ్యలో కాలవ, కాలవలో పడవలు. మొదట అనుకున్న ప్రకారం ఒక్కో దేశం బొమ్మలు తమ జాతీయ గీతం పాడాలి. కాగితం మీద గొప్ప ఆలోచన. నమూనా కట్టి నడిపించి చూస్తే చెవులు చిల్లులు పడ్డాయి. గదుల మధ్య తలుపుల్లేవు. పడవ ఫ్రాన్సులో ఉండగానే ముందున్న దేశం గీతం, వెనకున్న దేశం గీతం వచ్చి మీదపడతాయి. ఒక్కో గీతానికీ వేరే శ్రుతి, వేరే నడక.

వాల్ట్ షెర్మన్లని తీసుకెళ్లి ఆ గోల వినిపించి, అన్ని దేశాలకీ ఒకే పాట కావాలి, అనువదించడానికి వీలుగా ఉండాలి, రౌండ్‌లా పాడుకునేలా ఉండాలి అన్నాడు. రౌండ్ అంటే ఇంగ్లీష్ మీడియం పిల్లలకి తెలిసిందే. ఒక గుంపు ‘రో రో రో యువర్ బోట్’ మొదలుపెట్టాక రెండో గుంపు కాసేపాగి అదే పాట మొదటినుంచి అందుకుంటుంది. రెండు గొంతులూ వేర్వేరు వాక్యాల్లో ఉన్నా వినసొంపుగానే ఉంటుంది.

షెర్మన్లు ఇంకో అడుగు ముందుకేశారు. చరణానికి ఒక బాణీ, పల్లవికి ఇంకో బాణీ కట్టి, రెండింటి కిందా నడిచే కార్డ్స్ మాత్రం ఒక్కటే ఉంచారు. మన శాస్త్రీయ సంగీతానికి కార్డ్స్ ఊసు లేదు. రాగం ఒక గీతలా సాగుతుంది, దానికి తోడు శ్రుతి ఉంటుంది. పాశ్చాత్య సంగీతంలో పైన రాగం నడుస్తుంటే కింద మూడు నాలుగు స్వరాల గుత్తులు మారుతూ ఉంటాయి. రాగంలోని ముఖ్యమైన స్వరం ఆ క్షణానికి కింద ఉన్న గుత్తిలోదైతే చెవికి ఇంపుగా ఉంటుంది. కింద గుత్తుల వరస ఒకటే అయితే పైన రెండు వేర్వేరు రాగాలు ఒకేసారి పాడినా తగువు రాదు. అందుకే ‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’లో ఒకళ్లు చరణం, ఇంకొకళ్లు పల్లవి ఒకేసారి పాడొచ్చు. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే సాయంత్రం చేసి చూడండి, ఐదు నిమిషాల్లో పట్టుబడుతుంది.

దీనివల్ల కట్టడానికి ఒరిగిందేమిటి? ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వినబడినా అది అదే పాట. భాష మారుతుంది, వాద్యాలు మారతాయి, అడుగున నడక మారదు. గోడల పని పాట చేసింది. ఇంకో లాభం కూడా ఉంది. పడవలు ఆగకుండా వస్తూనే ఉంటాయి. ఎవరు ఏ వాక్యం దగ్గర లోపలికొస్తారో, ఎవరు ఏ వాక్యం దగ్గర బయటికి పోతారో చెప్పలేం. కాబట్టి ఈ పాటకి కథ ఉండకూడదు, ముగింపు ఉండకూడదు. ఎక్కడ విన్నా సగంలో వచ్చామనిపించకూడదు. ‘చిమ్ చిమ్ చెరీ’ లాంటి పాటని అక్కడ పెడితే సగంమంది ప్రయాణికులకి దిగులు మాత్రమే మిగిలేది.

మరి తలలోంచి ఎందుకు పోదు? పల్లవి చూడండి. మొదటి మూడు వాక్యాలూ ఒకటే వాక్యం. రెండోసారి అదే స్వరాల ఆకారం ఒక మెట్టు పైకి జరుగుతుంది. చెవికి ఆకారం తెలిసిపోయింది, చోటు మాత్రం మారింది. తర్వాతేం వస్తుందో ఊహిస్తుంది, ఊహ నిజమవుతుంది. చివర్లో మళ్లీ మొదటికి వచ్చేలా వదులుతుంది. చెవిలో పురుగులా తిరుగుతోందని తిట్టుకుంటాం గానీ, అలా తిరగడానికే కట్టిన పాట అది.

మొదట వాళ్లు దీన్ని నెమ్మదిగా, ప్రార్థన లాగా రాశారు. రాసింది 1963లో, అమెరికా, సోవియట్ యూనియన్‌లని అణుయుద్ధం అంచుదాకా తెచ్చిన క్యూబా క్షిపణుల గొడవ ముగిసి ఎన్నాళ్లో కాలేదు. చరణంలో నవ్వులతో పాటు కన్నీళ్లు, ఆశలతో పాటు భయాలు ఉన్నది అందుకే. వాల్ట్ విని హుషారు పెంచమన్నాడు, వేగం పెంచారు. నా లెక్కలో ఈ వేగం వల్ల కొంత పోయింది. నెమ్మదిగా పాడిన రూపం ఎక్కడైనా దొరికితే వినండి, భయాలు అన్న మాట అప్పుడు వినబడుతుంది. కానీ పడవకి కావాల్సింది హుషారే అన్నది కూడా నిజం. పాట మరీ సాదాగా ఉందని వీళ్లు సంకోచిస్తూ వినిపిస్తే, పనికొస్తుంది అన్నాడట వాల్ట్. ఆయన నోటి నుంచి అంతకు మించిన మెచ్చుకోలు వచ్చేది కాదని అక్కడ పనిచేసినవాళ్లందరూ చెబుతారు.

ఆ కట్టడం 1966లో కాలిఫోర్నియా డిస్నీలాండ్‌కి వెళ్లింది. తర్వాత ఫ్లోరిడా, టోక్యో, పారిస్, హాంగ్‌కాంగ్. ఒక్క పార్కుల్లోనే ఈ పాట దాదాపు 5 కోట్లసార్లు మోగి ఉంటుందని 2014లో టైమ్ పత్రిక అంచనా వేసింది. 2022లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్ని భద్రపరచాల్సిన రికార్డుల జాబితాలో చేర్చింది.

మన అడవి, వాళ్ల బాజా

‘ది జంగిల్ బుక్’ కథ మధ్య భారతంలోని అడవుల్లో జరుగుతుంది. పాటలు మొదట టెర్రీ గిల్కిసన్ రాశాడు. కథ, పాటలు మరీ చీకటిగా ఉన్నాయని వాల్ట్ షెర్మన్లని దించాడు. ఎలుగుబంటి పాడే ‘బేర్ నెసెసిటీస్’ ఒక్కటే గిల్కిసన్‌ది మిగిలింది. కథలో ఎక్కడ భయం ఎక్కువగా ఉందో అక్కడ తమాషా పెట్టమన్నది వీళ్లకొచ్చిన ఆదేశం. పిల్లాణ్ని కోతులు ఎత్తుకుపోతాయి. అక్కడ న్యూ ఆర్లీన్స్ గాయకుడు లూయీ ప్రీమా గొంతుతో జాజ్. కొండచిలువ చుట్టుకుంటుంది, అక్కడ జోలపాట లాంటి బాణీ. ఈ బాణీ ‘మేరీ పాపిన్స్’ కోసం రాసి, వాడకుండా పక్కన పెట్టింది. ఎడారి ఇసుక పాట పాము పాటైంది.

నిజం చెప్పాలంటే ఇందులో మన దేశపు సంగీతం చుక్కైనా లేదు. ఏనుగులు బ్రిటిష్ పటాలంలా కవాతు చేస్తాయి, నాలుగు రాబందులు ‘బార్బర్‌షాప్’ అనే అమెరికన్ బృందగాన పద్ధతిలో గొంతు కలుపుతాయి. కోతుల రాజుగా చూపించిన ఒరాంగుటాన్ మన అడవుల్లో ఉండనే ఉండదు. 2016లో మళ్లీ తీసినప్పుడు ఆ తప్పు సరిదిద్ది, ఏనాడో అంతరించిన రాకాసి కోతిని తెచ్చారు. ఆ కోతి పాడే పాటకి కొత్త మాటలు 87 ఏళ్ల రిచర్డే రాసిచ్చాడు. మన అడవిని ఇలా అమెరికా చేసేశారని కోపం రావాలి, నాకు పెద్దగా రాదు. అసలు కథ రాసిన ఇంగ్లీషు రచయిత కిప్లింగ్ అడవి కూడా మనది కాదు కదా. ఆ పాటల్లో అసలు గొప్ప ఏనుగుల కవాతు అని నా అభిప్రాయం. సామ్రాజ్యపు డాబుని వెక్కిరించడం అందులో ఉంది.

1966 డిసెంబర్‌లో వాల్ట్ చనిపోయాడు. సినిమా మరుసటేడు వచ్చింది. తర్వాత కొన్నేళ్లకే అన్నదమ్ములు స్టూడియో జీతం వదిలి బయటి సినిమాలు చేశారు. ‘చిట్టీ చిట్టీ బ్యాంగ్ బ్యాంగ్’, ‘షార్లెట్స్ వెబ్’ లాంటివి. వాటి గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. పార్కులకి మాత్రం పిలిచినప్పుడల్లా వెళ్లారు.

డబ్బు ఎవరిదో పాట కూడా

తియ్యదనం సంగతి తర్వాత అన్నాను. ఈ పాటల్లో నాకు ఇబ్బంది పెట్టేది చక్కెర కాదు, చక్కెర ఎవరి చెంచాలో ఉందన్నది. 1967లో డిస్నీలాండ్‌లో అణువుల లోకంలోకి తీసుకెళ్లే ఒక ప్రయాణం పెట్టారు. డబ్బు పెట్టింది మోన్‌శాంటో. బీటీ పత్తి విత్తనాల వల్ల మన రైతులకి బాగా తెలిసిన ఆ కంపెనీయే. దానికి షెర్మన్లు రాసిన పాట పేరు ‘మిరాకిల్స్ ఫ్రమ్ మాలిక్యూల్స్’. అణువుల్లోంచి అద్భుతాలు పుట్టుకొస్తున్నాయని పొగుడుతుంది. బాణీ హాయిగా ఉంటుంది. అద్భుతాలమ్మే కంపెనీకి అద్భుతాల పాట.

పార్కు పాటకి సినిమా పాటకి ఉండే మరో తేడా ఇక్కడ బయటపడుతుంది. సినిమాలో పాట ఒక పాత్ర మాట. బ్యాంకు యజమానులు డబ్బు దాచుకోమని పాడితే అది వాళ్ల మాట, మనం నవ్వుకోవచ్చు. పార్కులో పాట పాడేది ఎవరు? కట్టడమే పాడుతుంది. కాబట్టి ఆ గొంతు వెనక ఎవరున్నారో వినేవాడికి తెలీదు. పిల్లలకి అసలే తెలీదు. షెర్మన్లని ఇందుకు తప్పు పట్టగలమా అంటే, కూలికి పని చేసే పాటగాళ్లు వాళ్లు, తండ్రి నుంచి వచ్చిన వృత్తి అది. కానీ 1964లో రేపు గొప్పది అని, 1975లో కాదు ఇవాళే గొప్పది అని అంతే నమ్మకంతో రాయగలిగారంటే, చిత్తశుద్ధి కూడా ఒక పనితనమే అనుకోవాలి.

డబ్బు పెట్టినవాళ్ల చేతిలోంచి పాట జారిపోవడమూ ఉంది. ఫ్లోరిడాలోని ఎప్‌కాట్ అనే డిస్నీ పార్కులో 1983లో మొదలైన ఊహాలోక ప్రయాణానికి వాళ్లు ‘వన్ లిటిల్ స్పార్క్’ రాశారు. అందులో ఫిగ్‌మెంట్ అనే ఊదారంగు బుల్లి డ్రాగన్. 1999లో ప్రయాణం మొత్తం మార్చేసి డ్రాగన్‌ని దాదాపు తీసేశారు, పాటనీ పక్కకి నెట్టారు. జనం ఒప్పుకోలేదు. 2002లో మళ్లీ మార్చి డ్రాగన్‌నీ పాటనీ వెనక్కి తెచ్చారు. పల్లవి ఒకటి ఒక తరం పిల్లల నోట్లోకి వెళ్లాక దాని యజమాని ఎవరన్నది కాగితం మీద లెక్క.

ఇద్దరి పేర్లు, రెండు ఇళ్లు

ప్రపంచమంతా ఒకటే అని పాట రాసిన అన్నదమ్ముల కుటుంబాలకి ఏళ్ల తరబడి రాకపోకల్లేవు. పని గదిలో కలిసి కూర్చునేవారు, బయట ఎవరి లోకం వారిది. పెద్దవాళ్లయ్యాక, అప్పటిదాకా ఒకరినొకరు సరిగ్గా ఎరగని రాబర్ట్ కొడుకూ రిచర్డ్ కొడుకూ కలిసి ‘ది బాయ్స్’ అనే డాక్యుమెంటరీ తీశారు, 2009లో వచ్చింది. ఎందుకు విడిపోయారో అందులోనూ ఒక్క ముక్కలో తేలదు. అప్పటికే రాబర్ట్ లండన్ వెళ్లి స్థిరపడ్డాడు. 2012 మార్చిలో అక్కడే పోయాడు.

రిచర్డ్ ఇంకో పన్నెండేళ్లు బతికాడు. 2010లో ‘ఐరన్ మ్యాన్ 2’ కోసం, కథలో 1970లలో జరిగిన ఒక కల్పిత సాంకేతిక ప్రదర్శనకి ప్రచార గీతం కావాల్సొచ్చింది. 1964 న్యూయార్క్ పాటల్లాంటిది రాయగలవాళ్ల కోసం వెతకాల్సిన పని లేకపోయింది, రిచర్డ్‌నే అడిగారు. సగం వెక్కిరింతగా, సగం నిజంగా రాసిచ్చాడు. రేపటికి దారివ్వండి, ఇవాళే, అని దాని పేరు. రేపు, ఇవాళ రెండూ ఒకే వాక్యంలో పట్టించాడు. జనరల్ ఎలక్ట్రిక్‌వాళ్లు వింటే ఏమనేవారో.

2024 మే 25న, 95 ఏళ్ల వయసులో రిచర్డ్ పోయాడు. అంతకు ముందే ‘స్మాల్ వరల్డ్’కి ఇంకో చరణం రాసిపెట్టాడు, భూమాత అందర్నీ కలుపుతుందని. 2025 జులైలో, డిస్నీలాండ్‌కి 70 ఏళ్లు నిండినప్పుడు దాన్ని పడవ ప్రయాణంలో చేర్చారు. మాటలు కొత్తవి, బాణీ మాత్రం 1963లో కట్టిందే. పక్క గుంపు పల్లవి పాడుతుంటే ఈ చరణమూ దానితో కలిసి పాడొచ్చు.